మెత్తగా కొడితే మర్యాద కాదా?

సాయంకాలం పూట టెన్నిసు ఆడే క్లబ్బుల్లో ఒక విచిత్రం కనిపిస్తూ ఉంటుంది. ఎదుటివాడు బలంగా కొట్టిన బంతి తన పక్కనుంచి రివ్వున దూసుకుపోతే "భేష్!" అని మెచ్చుకునే పెద్దమనిషే, ఆ బంతిని ఎదుటివాడు సుతారంగా తాకి నెట్టుకు ఇవతల నాలుగడుగుల్లో పడేస్తే మొహం ముడుచుకుంటాడు. "ఇదేం ఆటండీ! చేతనైతే కొట్టండి. ఈ దొంగదెబ్బలేమిటి?" అంటాడు. రెండు విధాలా పోయింది ఒక్క పాయింటే. అయినా మొదటిదాన్ని అప్పుడే మరిచిపోతాడు. రెండోది మాత్రం ఇంటికి వెళ్లి భోజనానికి కూర్చున్నాక కూడా గుర్తుకొస్తూనే ఉంటుంది. ఈ మెత్తని దెబ్బ పుణ్యమా అని ఏళ్ల తరబడి కలిసి ఆడుకుంటున్న స్నేహితులు నాలుగు రోజులు మాటలు మానుకోవడం కూడా కద్దు.

అంచేత ఈ వారం డ్రాప్ షాట్ సంగతి చూద్దాం. అది న్యాయమైన దెబ్బేనా? ఎక్కడినుంచి కొట్టాలి, ఎలా కొట్టాలి? ఎవరితో ఆడేటప్పుడు మానుకోవాలి? మనం మాట్లాడుకునేది సింగిల్స్ గురించి. అదీ కప్పుల కోసం ఆడేవారి గురించి కాదు. ఆఫీసు పని ముగించుకుని ఒళ్లు వంచడానికీ, నలుగురితో కాసేపు సరదాగా గడపడానికీ ఆడేవారి గురించి. డబుల్స్‌లో నెట్టు దగ్గర ఒక మనిషి కాచుకునే ఉంటాడు గనుక అక్కడ ఈ దెబ్బకు అంత చోటు లేదు.

ఆడలేక మద్దెల ఓడు

మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను. డ్రాప్ షాట్ ముమ్మాటికీ న్యాయమైనదే. బంతిని బలంగా కొట్టి తీరాలని టెన్నిసు నిబంధనల్లో ఎక్కడా లేదు. నెట్టు దాటాలి, గీతల లోపల పడాలి, అంతే. కోర్టు పొడుగు 78 అడుగులు. అందులో ఎదుటివాడి వాటా 39. ఆ 39 అడుగులనూ కాపాడుకోవలసిన పూచీ ఆయనదే. వెనకగీత అవతలే నిలబడి ముందుభాగమంతా ఖాళీగా వదిలేసి, అక్కడ బంతి పడిందని కోపగించుకోవడం, వీధి తలుపు బార్లా తీసిపెట్టి ఎవరో లోపలికి వచ్చారని గోలపెట్టడం వంటిదే.

పైగా మనకు ఇది కొత్త విద్యా కాదు. షటిల్ బాడ్మింటన్ ఆడిన ప్రతి ఆడపిల్లకూ డ్రాప్ అంటే ఏమిటో తెలుసు. కారమ్స్‌లో కన్నం అంచున ఉన్న కాయను స్ట్రైకరుతో ఊరికే తాకేవాణ్ణి చూసి ఎవరూ "దొంగ ఆట" అనరు, చెయ్యి మంచిదంటారు. టెన్నిసులో మాత్రం ఎందుకు తప్పు కావాలి?

పెద్ద ఆటగాళ్ల సంగతి చూడండి. మన రామనాథన్ కృష్ణన్ 1960లోనూ, 1961లోనూ వింబుల్డన్ సెమీఫైనల్స్ దాకా వెళ్లింది బండబలంతో కాదు. ఆయన ఆటకు పేరు తెచ్చినది చేతిలోని సున్నితం. 1966లో వింబుల్డన్ గెలిచిన స్పెయిన్ దేశస్థుడు మాన్యుయెల్ సాంటానాకు డ్రాప్ షాటూ, లాబూ రెండు కళ్లు. అదే దేశంనుంచి వచ్చిన కార్లోస్ అల్కరాజ్ 2023 వింబుల్డన్ ఫైనల్లో మొదటి సెట్టు 1-6తో పోగొట్టుకుని కూడా జొకోవిచ్‌ను అయిదు సెట్లలో ఓడించాడు. అంత బలంగా కొట్టగలవాడు కూడా ఆ ఆటలో డ్రాప్ షాటును మానలేదు. ట్యునీషియా అమ్మాయి ఓన్స్ జబర్ 2022, 2023 సంవత్సరాల్లో వరసగా వింబుల్డన్ ఫైనల్స్ చేరింది. డ్రాప్ షాట్ ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. వీళ్లందరినీ దొంగదెబ్బల వాళ్లంటే వినేవాళ్లు నవ్వుతారు.

రెండు సెకండ్ల లెక్క

దెబ్బ న్యాయమైనదే అయినా, క్లబ్బుల్లో కొట్టే డ్రాప్ షాట్లలో చాలా భాగం వృథా అవుతాయి. కారణం చేతివాటం లోపించడం కాదు. నిలబడిన చోటు మంచిది కాకపోవడం. దీనికి చిన్న లెక్క ఉంది.

మీరు సర్వీసు గీతకు కాస్త లోపల, అంటే నెట్టుకు 20 అడుగుల దూరంలో ఉండి బంతిని మెత్తగా వేశారనుకోండి. అది నెట్టు దాటి, ఏడెనిమిది అడుగుల అవతల పడి, లేచి, రెండోసారి నేలను తాకేలోపల రమారమి రెండు సెకండ్లు గడుస్తాయి. ఎదుటివాడు వెనకగీతకు మూడడుగుల వెనక ఉంటే, రాకెట్టు చాచి అందుకోవడానికైనా పాతిక అడుగులు పరుగెత్తాలి. అందులో మొదటి అర సెకండు "అరె, ఇది పొట్టిబంతి!" అని గ్రహించడానికే సరిపోతుంది. మిగిలిన ఒకటిన్నర సెకండులో, నిలబడ్డవాడు నిలబడ్డట్టు బయలుదేరి పాతిక అడుగులు దాటడం కుర్రవాళ్లకే కష్టం. నలభై దాటి, కాస్త బొజ్జ వచ్చినవారి సంగతి చెప్పనక్కరలేదు.

అదే బంతిని మీరు మీ వెనకగీత మీదనుంచి వేస్తే? నెట్టు దాకానే 39 అడుగులు ప్రయాణం చెయ్యాలి. అంత దూరం పోవాలంటే బంతిని ఇంకా ఎత్తుగానో, ఇంకా వేగంగానో పంపాలి. ఎత్తుగా పంపితే ఎదుటివాడికి వ్యవధి దొరుకుతుంది. వేగంగా పంపితే పడ్డ తరవాత బంతి తనంతట తానే ముందుకు దూకి ఆయన దగ్గరికే వెళుతుంది. రెండూ ఆయనకే లాభం. తాపీగా వచ్చి, మీ కోర్టులో ఇష్టం వచ్చిన మూలకు కొడతాడు. మీరు మెత్తగా కొట్టిన దెబ్బ మీకే గట్టిగా తగులుతుంది.

కనుక మొదటి సూత్రం: మీ పాదాలు వెనకగీతకు బాగా లోపల ఉంటేనే డ్రాప్ షాట్. రెండో సూత్రం: ఎదుటివాడి పాదాలు గీతకు వెనక ఉంటేనే డ్రాప్ షాట్. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా బంతిని లోతుగా కొట్టి మరో అవకాశానికి ఎదురుచూడడమే మేలు.

బంతిని నిద్రపుచ్చడం

ఇక కొట్టే పద్ధతి. రాకెట్టును సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోండి. ఆటగాళ్లు దీన్నే కాంటినెంటల్ గ్రిప్ అంటారు. రాకెట్టు ముఖం కొంచెం ఆకాశంవైపు తిరిగి ఉండాలి. పైనుంచి కిందికీ, కాస్త ముందుకీ, బంతి అడుగుభాగాన్ని ఒరుసుకుంటూ పోవాలి. దీనివల్ల బంతి వెనక్కు తిరుగుతూ వెళ్లి, నేల తాకాక ముందుకు దూకకుండా అక్కడే చతికిలబడుతుంది.

అన్నిటికంటె ముఖ్యం పిడికిలి. కొత్తవారు మెత్తగా కొట్టాలన్న భయంతో పిడికిలి మరింత బిగిస్తారు. బిగిసిన చేతిలోంచి బంతి ఎగిరిపోతుంది. పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. నలిగిపోకూడదు, జారిపోకూడదు.

మరొక పొరపాటు, బంతిని నెట్టు అంచుకు తాకీతాకనట్టు పంపాలనే ఉబలాటం. నెట్టు మధ్యలో 3 అడుగుల ఎత్తు, గుంజల దగ్గర 3 అడుగుల 6 అంగుళాలు. దానిమీద ఒకటి రెండు అడుగుల ఖాళీ ఉంచండి. బంతి మీవైపు ఉండగానే పూర్తి ఎత్తుకు లేచి, నెట్టు దాటేటప్పటికి కిందికి దిగుతూ ఉండాలి. అలా దిగే బంతి నిటారుగా పడుతుంది. నెట్టులో పడ్డ అందమైన డ్రాప్ షాట్ కంటె, నెట్టు దాటిన అనాకారి డ్రాప్ షాటే నయం. ఎదుటివాడు కనీసం పరుగెత్తాలి గదా!

ఇంటి దగ్గర చేసుకునే సాధన ఒకటి చెబుతాను. పెరట్లోనో డాబా మీదనో నిలబడి బంతిని పైకి ఎగరేసి, దిగి వచ్చేటప్పుడు రాకెట్టుతో చప్పుడు కాకుండా పట్టుకోండి. గుడ్డును పట్టుకుంటున్నామనుకోండి. బంతితోపాటు రాకెట్టు కూడా కిందికి దిగితే బంతి ఎగరదు. మొదట పదింటికి రెండు నిలుస్తాయి. వారం రోజులు చేస్తే ఏడెనిమిది నిలుస్తాయి. పిల్లలకు దీన్ని పందెంగా పెడితే మీకంటె ముందు వాళ్లే నేర్చుకుంటారు.

కోర్టులోకి వెళ్లాక సర్వీసు గీత దగ్గర నిలబడి, స్నేహితుణ్ణి నెమ్మదిగా బంతులు వెయ్యమనండి. మీ దెబ్బ అవతలి సర్వీసు గీతకు చేరేలోపల రెండుసార్లు నేల తాకితే పాసు. మూడుసార్లు తాకితే ఫస్టు క్లాసు.

సమయం, సందర్భం

వంటలో ఇంగువ ఎంతో, ఆటలో డ్రాప్ షాట్ అంత. ప్రతి కూరలోనూ గుప్పెడు పోస్తే ఎవరూ తినలేరు. ఒక గేముకు ఒకటి చాలు. కొన్ని గేముల్లో అదీ అక్కరలేదు.

రెండు మూడు బంతులు లోతుగా కొట్టి ఎదుటివాణ్ణి గీత వెనక్కు నెట్టాక వేసిన డ్రాప్ షాటుకు ఉన్న బలం, ఉత్తపుణ్యాన వేసినదానికి ఉండదు. లోతుగా కొట్టబోతున్నట్టే భుజం తిప్పి, అదే కదలికలోంచి మెత్తగా దించాలి. ముందే మొహంలో చిరునవ్వు మొలిస్తే ఎదుటివాడు సగం దూరం వచ్చేస్తాడు.

గాలి మీ మొహానికి కొడుతుంటే బంతిని అది పట్టి ఆపుతుంది. అప్పుడు వెయ్యండి. వీపున కొడుతుంటే ముందుకు తోసుకుపోతుంది, మానెయ్యండి. నీళ్లు చల్లిన మట్టి కోర్టు మీద బంతి ఎక్కువ లేవదు. సిమెంటు కోర్టు మీద లేచి నిలబడుతుంది. బంతి కూడా చూసుకోవాలి. నిబంధన ప్రకారం టెన్నిసు బంతి 100 అంగుళాల ఎత్తునుంచి వదిలితే 53 మొదలు 58 అంగుళాల దాకా లేవాలి. మన క్లబ్బుల్లో నెలల తరబడి ఆడిన బంతులు అంత లేస్తే ఆశ్చర్యమే. ఆ పాతబంతులే ఈ దెబ్బకు మంచి చుట్టాలు.

ఎప్పుడు వెయ్యకూడదో కూడా చెప్పుకోవాలి. ఊపిరి అందక, ఎలాగో ఒకలాగ ఈ పాయింటు ముగిస్తే చాలునని వేసే డ్రాప్ షాట్ పదింట తొమ్మిది సార్లు నెట్టులో పడుతుంది. స్కోరు 30-40లో ఉండి గుండె దడదడలాడుతున్నప్పుడు కూడా వద్దు. బిగుసుకున్న చేతికి సున్నితం రాదు. 40-0లో వేసి చూడండి. పోయినా నష్టం లేదు. ఆ తరవాత ఎదుటివాడు వెనక నిలబడడానికే జంకుతాడు. అప్పుడు మీ లోతు బంతులు గెలుస్తాయి. ఈ దెబ్బవల్ల నిజమైన లాభం అదే.

వేసి కూర్చోవద్దు

బంతిని దించేసి, తామే ముచ్చటపడుతూ చూస్తూ నిలబడేవారు చాలామంది. అది అందుకోలేడన్న భరోసా ఎవరిచ్చారు? వెయ్యగానే రెండు మూడడుగులు ముందుకు నడవండి. పరుగెత్తి వచ్చినవాడు బంతిని కిందినుంచి పైకి ఎత్తవలసిందే గనుక అది మెల్లగా వస్తుంది. నెట్టు దగ్గర ఉంటే వాలీ కొట్టి ముగించవచ్చు, లేదా ఆయన తలమీదుగా లాబ్ వెయ్యవచ్చు.

మరి మీ మీద ఎవరైనా వేస్తే? బంతిని కాదు, ఎదుటివాడి చేతిని చూడడం నేర్చుకోండి. రాకెట్టు ముఖం ఆకాశం చూడగానే బయలుదేరండి. చేరాక బలంగా కొట్టకండి. నెట్టుకంటె కింద ఉన్న బంతిని బలంగా కొడితే గీతలు దాటి పోతుంది. తిరిగి మెత్తగా అక్కడే దించండి, లేదా తిన్నగా లోతుగా తొయ్యండి. ఆ ఊపులో నెట్టుకు తగలకుండా చూసుకోండి. బంతి ఆటలో ఉండగా ఒళ్లు తగిలినా, రాకెట్టు తగిలినా పాయింటు పోతుంది.

ఇక్కడ ఒక తమాషా నిబంధన ఉంది. మీ వైపు పడ్డ బంతి బాగా వెనక్కు తిరుగుతూ, మళ్లీ నెట్టు దాటి వేసినవాడి వైపే వెళ్లిపోతుందనుకోండి. అప్పుడు మీరు నెట్టు మీదుగా చెయ్యి చాచి అవతల ఉన్న బంతిని కొట్టవచ్చు. నెట్టును మాత్రం తాకకూడదు. కొట్టలేకపోతే పాయింటు ఆయనదే. అలాంటి బంతి మన క్లబ్బుల్లో పదేళ్లకొకసారి పడుతుందేమో గాని, పడిన రోజున మాత్రం నిబంధన తెలిసినవాడు లేక పెద్ద రభస అవుతుంది.

ఎవరికి తెలుసు?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అంపైరు లేని ఆటలో డ్రాప్ షాట్ రేపే పెద్ద తగాదా ఏమిటంటే, బంతి ఒకసారి పడ్డాక అందుకున్నారా, రెండోసారి పడ్డాక అందుకున్నారా అన్నది. వేసినవాడు ఇరవై ముప్ఫై అడుగుల అవతల ఉంటాడు, మధ్యలో నెట్టు అడ్డం. తెలిసేదల్లా పరుగెత్తినవాడికే. రాకెట్టు కిందికి బంతి నేరుగా వచ్చిందో, నేల తాకి వచ్చిందో ఆ చేతికి తెలిసిపోతుంది. కనుక పరుగెత్తినవాడే ఒప్పుకోవాలన్నది రివాజు.

ఆయాసంతో అంత దూరం వచ్చాక ఒప్పుకోవడానికి ప్రాణం ఒప్పదు, నిజమే. అయినా తండ్రీ కొడుకులు ఆడుతున్నప్పుడు, "నాన్నగారూ, రెండోసారి పడింది కదూ?" అని కొడుకు అడిగితే, "పడిందిరా, పాయింటు నీదే" అని తండ్రి అన్న ఆ ఒక్క మాటతో కుర్రవాడు నేర్చుకునేది, ఏ కోచింగులోనూ దొరకదు. తండ్రి గొణుక్కుంటూ వెనక్కు పోతే నేర్చుకునేదీ ఆ కుర్రవాడే. నిజంగా అనుమానంగా ఉంటే పాయింటు మళ్లీ ఆడుకోండి. వేసినవారు కూడా ఒకసారి అడిగి ఊరుకోవాలి. రెండోసారి అడిగితే అది నింద అవుతుంది.

ఎవరిమీద వెయ్యాలి?

పరుగెత్తినవాడి నిజాయితీకి పరీక్ష ఉన్నట్టే, వేసినవాడి మనసుకూ ఒక పరీక్ష ఉంది. నిలబడ్డచోటునుంచి ఒక్కసారిగా ముందుకు దూకడం వయసు మళ్లిన కాలికి మంచిది కాదు. ఆ దూకుడులో పిక్క కండరం చిరగడం నడివయసువారిలో ఎంత మామూలంటే, వైద్యులు దానికి "టెన్నిస్ లెగ్" అనే పేరే పెట్టారు. మడమ వెనకనుండే లావుపాటి స్నాయువు తెగితే నెలల తరబడి మంచం, కర్ర తప్పవు. గుండె జబ్బు ఉన్నవారి సంగతి చెప్పనే అక్కరలేదు.

కనుక మీతో ఆడేది పాతికేళ్ల కుర్రవాడైతే నిక్షేపంగా వెయ్యండి. ముప్ఫై ఏళ్ల అనుభవానికి కుర్రతనంమీద గెలిచే హక్కు ఉన్నది, అందుకు ఇదే ఆయుధం. అరవై దాటిన పెద్దాయనతో ఆడుతుంటే ఆయన ఒళ్లు వేడెక్కకముందు, మొదటి రెండు గేముల్లో మాత్రం మానండి. ఆపరేషనో, మోకాలి నొప్పో ఉన్నట్టు తెలిస్తే అసలే మానండి. అలాగని జాలిపడుతున్నట్టు ఆయనకు తెలియనివ్వకూడదు. అది డ్రాప్ షాటుకంటె పెద్ద అవమానం. బంతిని లోతుగా, ఆయన చేతికి అందేలా కొట్టండి. మంచి ఆట అవుతుంది, మర్నాడు ఆయన మళ్లీ కోర్టుకు వస్తాడు. ఆయనే మీమీద డ్రాప్ షాట్ వేస్తే మాత్రం మొహం ముడుచుకోకుండా పరుగెత్తండి.

ఆటకు ముందు పిక్కలూ తొడలూ సాగదీసి, కోర్టు చుట్టూ నెమ్మదిగా రెండు చుట్లు తిరగడం అందరికీ అవసరమే. దానికి పట్టేది అయిదు నిమిషాలు.

డ్రాప్ షాటుకు తోడబుట్టినది లాబ్. ముందుకు రప్పించినవాణ్ణి వెనక్కు పంపే ఆ ఎత్తుబంతి సంగతి వచ్చేవారం చెప్పుకుందాం. ఈలోగా రాకెట్టు మీద బంతిని చప్పుడు కాకుండా పట్టే సాధన మొదలుపెట్టండి. పదింటికి అయిదు నిలిచేదాకా మాత్రం కోర్టులో ప్రయోగించకండి.